పురుగు ముట్టని తెల్లమన్ను

అక్క బండి దిగి గడప దాకా నడిచి వచ్చింది. కడుపుతో ఉన్న కూతురు పుట్టింటికి వస్తే ముందు దిష్టి తీయాలి. అమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెం చేత్తో పట్టుకునే ఉంది కానీ తిప్పలేదు. అక్క కాళ్ళ వైపే, కుడి పాదం మోపిన చోట పడిన తడిమరక వైపే చూస్తోంది.

“కాల్లో ముల్లుండాది కదే” అంది.

“యాడ?” అంది అక్క.

కుడి అరికాల్లో తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. చుట్టూ చీము పట్టింది. అంటే గుచ్చుకుని రెండు మూడు రోజులై ఉంటుంది. అక్క ఒంగి, ఎవరి కాలినో చూసినట్టు తన కాలిని చూసుకుంది. అమ్మ పళ్ళెం పక్కన పెట్టి, పిన్నీసు తెచ్చి, అక్కడే అరుగు మీద కూర్చోబెట్టి ముల్లు తీసింది. అంత లోతు నుంచి లాగుతున్నా అక్క మొహంలో ఏమీ మారలేదు. బండిలోంచి సామాను దించుతున్న నన్ను కేకేసి, “ఆ చిన్న కుండ పైలంరా అబ్బోడా, మా అత్త ఇచ్చింది” అంది.

అది యుద్ధం జరుగుతున్న కాలం. మా ఊరు వడమాలపేటకు దగ్గర. నేను పుత్తూరు పక్కన ఒక ఎలిమెంటరీ బడిలో కొత్తగా పంతులుగా చేరి ఉన్నాను. అక్కను ఇచ్చిన ఊరు జిల్లాకు ఆ కొసన, పలమనేరు దాటి పడమటి కొండల్లో ఉంది. అది ఆమెకు మూడో కడుపు. మొదటి రెండూ నెలలు నిండకుండానే పోయాయి. ఈసారి సీమంతం దాకా ఆగేది లేదని, ఇప్పుడే పిలుచుకొని రమ్మని అమ్మ పట్టుబట్టింది. నాయన, నేను వెళ్ళాం. అక్కను చూశాక అమ్మ పట్టుదలే నయమనిపించింది. చెంపలు లోపలికి పోయాయి. అరచేతులు గరుకెక్కి, జొన్నగింజలంత గట్టి పొక్కులు లేచి ఉన్నాయి. మెడ మీద, వీపు మీద నల్లటి, తెల్లటి చుక్కలు.

ఆ ఊరి గురించి కొంచెం చెప్పాలి. చిత్తూరు నుంచి బొగ్గు బస్సులో వెళ్ళాం. పెట్రోలు దొరకని రోజులు. బస్సు వెనకాల బొగ్గుల పొయ్యి ఉండేది. మొగిలి ఘాటులో బస్సు ఆగిపోతే అందరం దిగి తోశాం. పలమనేరులో దిగి, అక్కడి నుంచి ఎద్దులబండి. ఊరు ఇంకా కనపడక ముందే ఒక రాతి పొగగొట్టం కనిపించింది. మా నాయన చిన్నతనంలో దొరల కంపెనీ ఒకటి అక్కడ బంగారం తవ్విందట. కొండను తొలిచి, రాతిని పిండి చేసి, ఉన్న బంగారం తీసుకుని, ఇక గిట్టదని యంత్రాలు ఊడదీసుకుని పోయారు. గుంతలను అలాగే వదిలేశారు. పిండిచేసిన రాతిని ఊరికి పైవైపున దిబ్బగా పోసి పోయారు. ఆ దిబ్బ ఊళ్ళోని ఇళ్ళన్నిటికంటే ఎత్తు. ఎండకు తెల్లగా మెరుస్తుంది. దాని మీద గడ్డిపరక మొలవదు.

గని నోటి నుంచి సన్నటి వాగు దిబ్బను ఒరుసుకుంటూ ఊళ్ళోకి దిగుతుంది. రాళ్ళన్నీ తుప్పు పట్టిన రంగు. మా బండి ఎద్దులు ఆ వాగు దగ్గర మూతి పెట్టి, తాగకుండా తల ఎత్తేశాయి. బండివాడు, “ఊరి గొడ్లు తాగుతాయప్పా, పైనూరి గొడ్లకే పట్టదు” అన్నాడు. ఊరిబావి ఆ వాగుకు దిగువనే ఉంది.

అక్క అత్తగారు మంచి మనిషి. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినది వింటే ఎవరికైనా వేరే అనుమానం వస్తుంది. అక్కకు రెండు కడుపులు పోయినా ఒక్క మాట అనలేదు. మేము వెళ్ళేసరికి ఆమె పెరట్లో కందులకు మన్ను కడుతూ ఉంది. కందులు నిలవ ఉండడానికి ఎర్రమన్ను నీళ్ళలో కలిపి పట్టించి, ఎండబెట్టడం మా వైపూ ఉన్నదే. అయితే ఆమె కలుపుతున్నది ఎర్రమన్ను కాదు. దిబ్బ మీది తెల్లమన్ను.

“ఏం మన్ను చెల్లెమ్మా ఇది, సున్నం మాదిరి ఉండాది?” అని నాయన అడిగాడు.

“మా ఊరి బంగారం అన్నా ఇది” అని ఆమె నవ్వింది. “దొరలు పసుపుపచ్చ బంగారం ఎత్తకపోయినారు, మాకు తెల్ల బంగారం పెట్టిపోయినారు. గోడకు పూస్తే చెదలు పట్టదు. చెంబు తోమితే తళతళ. కందులకు కడితే రెండేండ్లైనా సరే, ఒక్క పురుగు ముడితే నన్నడుగు.”

నాయన బావినీళ్ళు తాగి, రెండో గుక్క మింగకుండా పక్కకు ఉమ్మేశాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో నాతో, “బిడ్డకు ఆ ఊరి నీళ్ళు పడలేదు. అంతే, ఇంకేం లేదు. మన నీళ్ళు తాగితే సర్దుకుంటాది” అన్నాడు. అది ఆయన నాకే కాదు, తనకూ చెప్పుకున్నాడు. నీళ్ళు మారాయి కాబట్టి బిడ్డ నిలుస్తుంది. మా ఇంట్లో అందరం ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాం.

సర్దుకోలేదు.

మొదటి వారం తిన్నది కొంచెం నిలిచింది. తర్వాత మళ్ళీ వాంతులు మొదలయ్యాయి. కాళ్ళలో చీమలు పాకుతున్నట్టుందని అనేది. కొన్నాళ్ళకు ఆ చీమలు కూడా పోయాయి, పాదాలే లేనట్టుందని అంది. రాత్రి పడుకునే ముందు అమ్మ ఆమె అరికాళ్ళు దీపం దగ్గర పెట్టి ముళ్ళు వెతికేది. గోడ పట్టుకుని నడిచే మనిషి, కడుపులో బిడ్డ. పడితే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు. అక్క లేచినప్పుడల్లా ఇంట్లో ఉన్నవాళ్ళం చేస్తున్న పని ఆపేవాళ్ళం.

కాళ్ళ సంగతి కాబట్టి ముందు ఎముకల కట్టుకు పుత్తూరు తీసుకెళ్ళాం. మా వైపు ఎవరైనా చేసే పని అదే. కట్టు కట్టే ఆయన వేళ్ళతో మడమ నుంచి మోకాలి దాకా తడిమి, “ఎముక బాగుండాదప్పా. నేను కట్టేది ఎముకకే. ఆస్పత్రికి పిలుచుకొని పోండి” అన్నాడు.

చిత్తూరులో ఒక డాక్టరు ఉండేవాడు. నెమ్మదస్తుడు. అక్క అరచేతులను కిటికీ దగ్గర వెలుగులో చాలాసేపు చూశాడు. గోళ్ళ మీద అడ్డంగా ఉన్న తెల్లగీతలు మాకు చూపించాడు. అప్పటిదాకా అవి మా కళ్ళకు కనపడలేదు.

“నాటు మందులేమైనా ఇస్తున్నారా?” అని అడిగాడు.

“లేదు సామీ” అంది అమ్మ.

“పసరు, భస్మం, లేహ్యం? పిల్లలు నిలవాలని ఎవరైనా ఏదైనా ఇచ్చారా?”

“తాయెత్తు ఒకటి కట్టినాము. కడుపులోకి ఏమీ ఇయ్యలేదు.”

“పాషాణం కలిసిన మందు తింటే చేతులు ఇట్లా అవుతాయి. అందుకే అడుగుతున్నా. దాచొద్దు.”

పాషాణం అంటే ఎలుకలకు పెట్టేది. ఆ మాట వినగానే అమ్మ మొహం ఎర్రబడింది. “నా బిడ్డకు నేను పాషాణం పెడతానా సామీ?” అంది. డాక్టరు నొచ్చుకుని, అలా కాదమ్మా అని, అత్తగారి ఊరి గురించి అడిగాడు. నాయన గని గురించి, వాగు గురించి చెప్పాడు. డాక్టరు తల ఊపాడు. ఆ నీళ్ళే అయి ఉంటాయి అన్నాడు. కానీ నీళ్ళు మారి రెండు నెలలు కావస్తోంది కదా, తగ్గాలి కదా అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. “ఆమె ఏం తింటుందో అంతా రాసి తీసుకురా” అని నాకు చెప్పాడు.

డైరీ రాసే అలవాటు నాకు అప్పటికే ఉంది. రాశాను. సంగటి, ఊరిబిండి పచ్చడి, మజ్జిగ, అరటిపండు, కడుపులో నిలిచినవి, వాంతిలో పోయినవి. ఆ పేజీలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. మన్ను మాట అందులో ఎక్కడా లేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మన్ను తింటారని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ దాన్ని తిండి అని ఎవరూ అనరు, మందు అని అసలే అనరు. అది ఆడవాళ్ళు కొంగు చాటున నవ్వుకునే విషయం. డాక్టరు తిండి గురించి అడిగాడు, మందు గురించి అడిగాడు. అమ్మ రెండింటికీ నిజమే చెప్పింది.

అక్క అత్తగారిచ్చిన చిన్న కుండలో ఉన్నవి ఆ మన్నుబిళ్ళలే. దిబ్బమన్నును మెత్తగా జల్లించి, తడిపి, రూపాయి బిళ్ళంత తట్టి, పొయ్యి నివురులో కాల్చినవి. కోడలికి ఆ పులుపు రుచి ఇష్టమని, పుట్టింట్లో ఆ మన్ను దొరకదని, ఆమె ప్రేమతో చేసి కట్టి ఇచ్చింది. అక్క ఏదీ తినలేని రోజుల్లో కూడా అవి తినేది. ఇంకేదీ సహించని బిడ్డ నోటికి అదన్నా హితవుగా ఉందని అమ్మే రోజూ తీసి ఇచ్చేది. వాన పట్టిన రోజుల్లో బిళ్ళలు మెత్తబడకుండా కుండను పొయ్యిగట్టు మీద పెట్టేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను వంటింటి గడపలో కూర్చుని కందులు ఏరుతున్నాను. మా ఇంటి కందులకు ఆ ఏడు పురుగు పట్టింది. కొన్నాళ్ళ క్రితం అమ్మకు మేము వచ్చి చెప్పిన వియ్యపురాలి మాట గుర్తొచ్చి, కుండ అడుగున విరిగి రాలిన మన్నుపొడిని ఒక గంపెడు కందుల్లో కలిపి పెట్టిందట. ఆ గంప ఇప్పుడు తీసి చేటలో పోసింది. చెరిగింది. చేట అంచున నల్లగా ఏదో పోగైంది. పురుగులు. అన్నీ కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి. అమ్మ వేలితో కదిపింది. ఒక్కటీ కదలలేదు. గంప అడుగున రెండు చీమలబార్లు కూడా అలాగే ఎండిపోయి ఉన్నాయి.

“మీ వదిన చెప్పింది నిజమే” అన్నాను నేను.

అమ్మ చేట దించింది. పొయ్యిగట్టు మీది కుండ వైపు చూసింది, మళ్ళీ చేట వైపు చూసింది. ఆమె చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి.

“పురుగు తిననిది నా బిడ్డ తింటా ఉండాది” అంది.

లేచి కుండ చంకన పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే అక్క గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, ఒక బిళ్ళ ఇయ్యి.”

“లేవు.”

“కుండ నీ చంకనే ఉండాది కదమ్మా.”

“ఉండాది. ఇయ్యను.”

అక్క మొదట నవ్వింది, ఎగతాళి అనుకుని. తర్వాత చెయ్యి చాపింది. అమ్మ వెనక్కి జరిగింది. అక్క ముందుకు వచ్చింది. ఆ మనిషికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో, కుండ అంచు పట్టుకుని లాగింది. కాళ్ళ కింద పట్టు లేదు, ఊగుతోంది. నేను ఏరుతున్న కందులు పక్కకు తోసేసి లేచి వెనక నుంచి రెండు భుజాలూ పట్టుకున్నాను.

“ఒక్కటిమ్మా. అన్నం అడగలేదు, నెయ్యి అడగలేదు. మన్ను అడిగితే ఇయ్యరా మీరు?”

“దాంట్లో పాషాణం ఉండాదే.”

“మా అత్త చేసినాది. మా అత్త నాకు పాషాణం పెట్టిందంటావా?”

 చిత్తూరులో డాక్టరును అమ్మ అడిగిన మాటే అది. అమ్మ చేటను కాలితో అక్క ముందుకు జరిపి, “సూడు” అంది. అక్క చాలాసేపు ఆ పురుగుల కుప్పను చూసింది. చెయ్యి మాత్రం కుండ మీదనుంచి తియ్యలేదు. మెల్లగా నేనే వేళ్ళు విడదీయవలసి వచ్చింది.

మర్నాడు నేను రెండు బిళ్ళలు కాగితంలో చుట్టి డాక్టరుకు ఇచ్చాను. ఆయన మద్రాసుకు పంపాడు. జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చేదాకా మేము ఆగలేదు. అక్కకు మన్ను ఆపేశాం. ఆపిన తర్వాత రోజులు వాంతుల రోజుల కంటే కష్టంగా గడిచాయి. ఆమె గోడ గీరేది. తడిసిన నేల వాసన వస్తే లేచి కూర్చునేది. అమ్మ పక్కనుంచి కదిలేది కాదు. కదిలితే నేను ఉండాలి. ఆ నెల బడికి సగం సెలవే.

ఆ సమయంలో బావ, ఆయన తల్లి వచ్చారు, కోడలిని చూసి పోదామని. పండ్లు, కొత్త చీర, వాటితో పాటు గుడ్డ కట్టిన ఇంకో కుండ. అత్తగారు దాన్ని గర్వంగా అమ్మ చేతిలో పెట్టింది.

“అయిపోయుంటాయని తెస్తి వదినా. ఈసారి ఇంకా సన్నంగా జల్లించినాను.”

అమ్మ కుండ తీసుకుని నేల మీద పెట్టింది. నాయన పంచలోంచి లేచి వచ్చాడు. ఏదైనా మాట తేడా వస్తే కూతురి కాపురం పోతుందని ఆయన భయం. నాకు సైగ చేశాడు, అమ్మను ఆపమని. అమ్మ ఆగలేదు. గొంతు మాత్రం పెంచలేదు.

“వదినా, తప్పుగా అనుకోవద్దు. ఈ మన్నే బిడ్డను తింటా ఉండాది.”

“మా ఊర్లో కడుపుతో ఉండే ఆడోళ్ళంతా తింటారు వదినా. నా అత్త తినింది, నేను తిన్నాను. ఇదేమన్నా కొత్తా?”

“తిన్నోళ్ళలో ఎందరి కడుపులు నిలిచినాయి?”

ఆమె నోరు తెరిచింది. జవాబు సిద్ధంగానే ఉన్నట్టు తెరిచింది. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే మడవసాగింది, కడుపు పోయిన ఇల్లిల్లూ పేరు పెట్టి, ఎదురింటిది, మలుపింటిది, కుమ్మరామె కూతురు. మడిచిన వేళ్ళు విప్పలేదు. బావ తల్లి వైపే చూస్తున్నాడు. ఆయన ఒక్కడే కొడుకు. ఆయనకు ముందు, తర్వాత ఏమైందో ఆమె ఎప్పుడూ చెప్పలేదట.

“ఊరి మీద అమ్మవారి కోపమనుకున్నాం వదినా” అంది చివరికి, చాలా మెల్లగా. “కందుల్ని పురుగు ముట్టకపోతే సంతోషపడితిమి.”

అక్క లోపల్నుంచి గోడ పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూర్చుంది. అత్తగారు కోడలి అరచెయ్యి తిప్పి చూసి, తన అరచెయ్యి తిప్పి దాని పక్కన పెట్టింది. ఆ గట్టి పొక్కులే ఆమె చేతిలోనూ ఉన్నాయి, పాతవి, పని చేసి కాయలు కాచాయని ఇన్నేళ్ళూ అనుకున్నవి.

సాయంత్రం బయలుదేరేటప్పుడు రెండు కుండలూ ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. నేను కాలువలో పారేసి వస్తానని తీసుకున్నాను.

“ఆ నీళ్ళు ఎవురు తాగుతారు?” అంది అత్తగారు.

పెరట్లో పూడ్చమన్నాడు నాయన. బావి పెరట్లోనే ఉంది. అందరం ఆ రెండు చిన్న కుండల చుట్టూ నిలబడి, వాటిని పెట్టడానికి చోటు లేక చూస్తున్నాం. అక్కడ ఊరికి పైన కొండంత దిబ్బ ఉంది. చివరికి అత్తగారే రెండూ గుడ్డలో కట్టుకుని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. పైన పెట్టమని కండక్టరు అడిగితే పెట్టనియ్యలేదట. “ఏముండాది అవ్వా, బంగారమా?” అని అతను ఎగతాళి చేస్తే, “మన్ను నాయనా” అందట. బావ తర్వాత నాకు చెప్పాడు.

మద్రాసు నుంచి జవాబు వచ్చింది. డాక్టరు చెప్పినదే. పాషాణం. ఆ కాగితం పట్టుకుని నాయన, బావ కలిసి తాలూకా కచేరీకి వెళ్ళారు. కంపెనీ ఎప్పుడో మూతపడింది, దొరలు సీమకు పోయారు, యుద్ధం నడుస్తోంది, అర్జీ ఇచ్చి పొండి అన్నారు. ఇచ్చి వచ్చారు. నాకు తెలిసి దాని మీద ఎవరూ రాలేదు.

అక్కకు ఆడపిల్ల పుట్టింది, నెలలకు కొంచెం ముందు. అరచేతిలో పట్టేంత చిన్నది. దూదిలో పెట్టి, పాలు గుడ్డపీలికతో పిండి, అమ్మ బతికించింది. ఆ పిల్ల బతికింది అని మేము పైకి అనుకోవడానికి ఒక ఏడాది పట్టింది. అక్క నడక తిరిగి వచ్చింది కానీ పాదాలకు స్పర్శ పూర్తిగా రాలేదు. ముసలితనం దాకా పడుకునే ముందు అరికాళ్ళు తిప్పి చూసుకునేది.

బావ తన ఊరికి పైవైపున, దిబ్బకు అవతల, కొత్త బావి తవ్వించాడు. ఆ నీళ్ళను కూడా మద్రాసుకు పంపి, జవాబు వచ్చాకే అక్కను పంపించాం. బావి ఒక్కటైతే చాలదు. ఆడవాళ్ళకు మన్ను తినవద్దని చెబితే మానతారా అని అత్తగారి దిగులు. కడుపుతో ఉన్నప్పుడు ఆ కోరిక ఎలాంటిదో ఆమెకూ తెలుసు, కుండ లాక్కోవడం చూసిన మాకూ తెలుసు.

దానికి మార్గం అమ్మే ఆలోచించింది. మా చేని ఒండ్రుమన్ను తెచ్చి, జల్లించి, వియ్యపురాలు చేసినట్టే బిళ్ళలు తట్టి నివురులో కాల్చింది. ముందు గుప్పెడు మన్ను కందుల్లో కలిపి, కొన్నాళ్ళు ఆగి చూసింది. పురుగులు హాయిగా పాకుతున్నాయి. అమ్మ ఆ గంపను తృప్తిగా నాకు చూపించింది. పురుగు పట్టిన కందులను చూసి సంతోషపడిన గృహిణిని నేను ఇంకెక్కడా చూడలేదు.

కుండ కట్టుకుని నేనే వెళ్ళాను. అత్తగారు గుడ్డ విప్పి ఒక బిళ్ళ తీసి వాసన చూసింది. అంచు కొరికింది. నములుతూ కాసేపు దిబ్బ వైపు చూసింది.

“పులుపు లేదు. చప్పగా ఉండాదని చెప్పు మీ అమ్మకు” అంది.

“చెప్తానత్తా.”

“అయినా పంపమను. మలుపింటి పిల్ల నీళ్ళు పోసుకునింది.”

మిగిలిన సగం బిళ్ళ నోట్లో వేసుకుని, కుండ చంకన పెట్టుకుని, ఆమె మలుపింటి వైపు నడిచింది.